చేరువైతే చేరినట్టే

చుక్క కదులుతూనే ఉంది. గోడకి బిగించిన తెర మీద, నీలం సముద్రంలో తెల్ల చుక్క ఒకటి, తడబాటు లేకుండా, తొందర లేకుండా, దక్షిణంగా జారుకుంటూ పోతోంది. ఎంత నున్నగా పోతోందో చూడండర్రా అని తావా హేని అప్పటికి మూడోసారి అంది, అన్నప్పుడల్లా రిపెకా తెర మీంచి చూపు తిప్పేసుకుంది. చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయింది.  ఆ చుక్క అంటే టోరోవా, ముప్ఫై ఎనిమిది అడుగుల చేపల పడవ. దాని చుక్కాని దగ్గర తమ్ముడు తియాకి, పక్కన డెబ్బై తొమ్మిదేళ్ళ తాతయ్య, ఆ తీరంలో తాతయ్యని పోవా అంటారు, నాయనమ్మ వరసవాళ్ళని తావా అంటారు, ఇక మూడో ప్రాణం రిపెకా కూతురు కహు, తొమ్మిదేళ్ళది, బుద్ధెరిగాక మొదటిసారి, తీతీ అనే సముద్రపు పక్షులని ఏటా వేటాడే దీవికి పోతోంది. పొద్దున ఏడింటికి బ్లఫ్ రేవు దాటారు. సాయంత్రం నాలుగు లోపల చేరాలి. చుక్క లెక్క ప్రకారం శుభ్రంగా చేరేట్టే ఉన్నారు. ఆ లెక్క రాసింది రిపెకాయే, అందుకే ఆ గదిలో భయపడుతున్నది తనొక్కతే.

ఫోను ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. అందులో ఎవరికీ తెలియని పేజీ ఒకటుంది, చుక్కలూ బొమ్మలూ లేని పేజీ, ఉత్త అంకెలు. పడవ కప్పు మీద కట్టిన చిన్న డబ్బా పది నిమిషాలకోసారి ఆకాశంలోకి ఒక కబురు పంపుతుంది, ఇదిగో ఇక్కడున్నాను అని, ఆ కబుర్లన్నీ వరసగా వచ్చి అక్కడ పడతాయి. పన్నెండూ యాభై. ఒంటిగంట. ఒంటిగంటా పది. ఒంటిగంటా ఇరవై. ఆ తర్వాత ఖాళీ. ఇప్పుడు రెండూ యాభై. తొమ్మిది కబుర్లు రావాలి, ఒక్కటీ రాలేదు. మరి తెర మీద గంటన్నరగా కదులుతున్నదేమిటంటే, అది పడవ కాదు. ఒంటిగంటా ఇరవైకి పడవ ఏ దిక్కుగా ఎంత వేగంతో పోతోందో, ఆ తర్వాత కూడా ఆ దిక్కుగా అంతే వేగంతో పోతూనే ఉంటుందిలే అన్న ఊహ. మునిగినా పోతుంది. రాయికి కొట్టుకున్నా పోతుంది. ఆ మాట మనసులోకి రాగానే రిపెకా దాన్ని నెట్టేసింది, నెట్టేసిన చోట కహు పసుపు రంగు వానకోటు కనబడింది, పొద్దున రేవులో మెడ దాకా గుండీలు పెట్టింది తనే, పిల్ల ఊపిరాడట్లేదమ్మా అంటే ఒక గుండీ విప్పింది, ఇప్పుడా గుండీ ఎందుకు విప్పానా అనిపించింది.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి. తొమ్మిదేళ్ళుగా రిపెకా తింటున్నది ఆ తిండే. డునీడిన్‌లో పాత ఉన్ని గోదాములో వీడియో గేములు చేసే చిన్న కంపెనీ, పదిహేడు మంది, బొమ్మలు గీసేవాళ్ళు కొందరు, పాటలు కట్టేవాళ్ళు కొందరు, కదిలేవన్నీ మాత్రం రిపెకావి. గాల్లో తేలే పలకలు, మంచులో చిన్న పుట్టిని నడిపే ముసలాడు, మేతకి పోయి తిరిగొచ్చే గొర్రెలు. చదువుకునే రోజుల్లో మొట్టమొదట కదిపింది ఒక పలకని. చేరాల్సిన చోటులోంచి ఉన్న చోటు తీసేస్తే దిక్కు వస్తుంది, ఆ దిక్కున, ఉన్న వేగంతో, గడిచిన ఆ రవ్వంత కాలానికి ఎంత దూరమో అంత జరిపితే కొత్త చోటు, అంతే కదా అనుకుంది. పలక బయల్దేరింది, పోయింది, చేరాల్సిన చోటు దాటేసింది, వెనక్కొచ్చింది, మళ్ళీ దాటేసింది, అక్కడే చలిజ్వరం పట్టినట్టు వణుకుతూ నిలబడింది. రాత్రంతా కూర్చున్నా ఎందుకో తెలియలేదు. మర్నాడు పాఠం చెప్పే ముసలాయన చూసి నవ్వాడు. సరిగ్గా అక్కడే ఉన్నావా అని దాన్నడిగితే జన్మలో అవునని చెప్పదమ్మాయ్, వెంట్రుకవాసి ఇటో అటో ఉంటుంది, దగ్గరికొచ్చావా అని అడుగు, దగ్గరైతే నువ్వే తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టు, చేరువైతే చేరినట్టే, అన్నాడు. ఎంత హాయిగా ఉందో ఆ మాట ఆ రోజు. ఇప్పుడు ఆ మాట తలుచుకోవడానికే భయంగా ఉంది, ఎందుకంటే చుక్కకీ అదే నేర్పింది, దీవికి చేరువైతే చేరినట్టే. ఇంకో యాభై నిమిషాల్లో చేరుతుంది. పడవ ఎక్కడున్నా సరే, చుక్క మాత్రం చేరి తీరుతుంది.

కహు అడుగులు నేర్చినప్పుడు అలా రాలేదు. పదకొండో నెలలో సోఫా పట్టుకుని నిలబడి, ఎదురుగా చేతులు చాచిన తల్లిని చూసి బయల్దేరింది, రెండు గజాల దూరం, తిన్నగా వస్తే నాలుగడుగులు, రాలేదు, మధ్యలో చెప్పు కనబడితే దాని దగ్గరికి పోయింది, కూలబడింది, లేచింది, గోడ వైపు పోయి గోడతో ఏదో మాట్లాడింది, చివరికి వెనక నుంచి వచ్చి వీపు మీద పడింది. ఆ రోజు రిపెకా ఆఫీసులో చెప్పి నవ్వింది, ప్రాణమున్నది ఏదీ తిన్నగా రాదర్రా, మనం రాసేవే తిన్నగా వస్తాయి అని. తెర మీద చుక్క గంటన్నరగా గీత గీసినట్టు పోతోంది. ఆ జలసంధిలో ఏ పడవైనా గంటన్నర గీత గీసినట్టు పోతుందా, అల ఒకటి పక్కకి తోస్తుంది, తియాకి సిగరెట్టు ముట్టించుకుంటూ చుక్కాని వదిలేస్తాడు, కహు అదిగో డాల్ఫిన్ అంటే దాని వెంట తిప్పుతాడు. ఈ గదిలో సముద్రం తెలిసినవాళ్ళే ఉన్నారు, పుట్టింది మొదలు ఈ సంధి దాటుతున్నవాళ్ళు. ఒక్కరికీ అనుమానం రాలేదు. గీత అంత అందంగా ఉంది మరి.

పెర్త్‌లో ఎవరో అమ్మాయి, పేరు కూడా తెలియదు. కలిసి ఆడే గేములో ఇదే తంటా, అవతలి మనిషి ఎక్కడున్నదీ ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది, ముక్కకీ ముక్కకీ మధ్య మనమే ఊహించి నడిపించాలి, లేకపోతే అందరూ మిడతల్లా గెంతుతూ కనబడతారు. ఒకరోజు ఆ అమ్మాయి ఇంట్లో కరెంటు పోయింది. మిగతా నలుగురి తెరల మీద ఆమె గుర్రం ఆగలేదు. గోధుమ చేలు దాటింది, కొండలోంచి దూరిపోయింది, గేము అంచు దాటి ఏమీ లేని బూడిదరంగులోకి పరిగెత్తింది, ఆ నలుగురూ ఏదో చూపించడానికి తీసుకెళ్తోందనుకుని ఇరవై నిమిషాలు దాని వెంట పోయారు, మధ్యమధ్య చేతులూపారు. ఆఫీసులో ఆ వీడియో చూసి అందరూ పగలబడి నవ్వారు. రిపెకా కూడా నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుని ప్రోగ్రాములో ఒక వరస రాసింది, అరక్షణం దాకా కబురు లేకపోతే ఊహ ఆపెయ్, గుర్రాన్ని చెరిపెయ్. ఆ వరస అంటే తనకి గర్వం. ఆ వరసే ఉండి ఉంటే ఈ చుక్క ఒంటిగంటా ఇరవైకే ఆరిపోయి ఉండేది. ఆ వరసని తీసేసింది కూడా తనే.

దానికి పోయినేడు జరిగిన పరువు తక్కువ పని కారణం. అప్పుడు చుక్క వట్టి చుక్కే, పది నిమిషాలకోసారి గెంతేది, మధ్యలో నిలబడేది. ఒక మధ్యాహ్నం ఐదు కబుర్లు రాలేదు. రిపెకా ఇంక ఆగకుండా సముద్ర రక్షణ వాళ్ళకి ఫోను చేసేసింది, రెండు పడవలు, ఒక హెలికాప్టరు. తీరా చూస్తే టోరోవా కొండ చాటున లంగరేసి ఉంది, ఆకాశం కనపడక డబ్బా మూగబోయింది, తియాకి సాసేజీలు వేయించుకుంటున్నాడు. హెలికాప్టరు వాళ్ళకి కూడా ఒకటి కావాలా అని అడిగాడట. ఆ సంవత్సరమంతా ఊళ్ళో అదే పాట. పెద్దమ్మ కొడుకు బోయ్డీ అయితే తనకి సైరన్ అని పేరు పెట్టేశాడు, రొట్టెల కొట్లో కూడా ఆ పేరుతోనే పిలిచాడు. అప్పుడే తావా హేని చెయ్యి పట్టుకుని అడిగింది, అది గెంతితే నా గుండె గెంతుతోందే పిల్లా, అది ఆగితే నా గుండె ఆగుతోంది, నీ ఆటల్లో బొమ్మలు ఎంత నున్నగా పోతాయి, అలా పోనిద్దూ దాన్ని. ఎనభై రెండేళ్ళ మనిషి. కాదని ఎలా అంటుంది. ఒక సాయంత్రం కూర్చుని గేములో రాసిన దాన్నే తెచ్చి ఇక్కడ అతికించింది. అరక్షణం వరస వల్ల చుక్క వచ్చీ రాగానే ఆరిపోతోంది, పది నిమిషాలకోసారి వచ్చే కబురుకి అరక్షణం ఎలా సరిపోతుంది, ఎంత పెట్టాలో తర్వాత చూద్దాం అనుకుని ఆ వరసని మూసేసింది. తర్వాత చూడలేదు. పక్కన కూర్చున్న కహు దీవి మీద ఒక పక్షి బొమ్మ గీసింది, పడవ చేరగానే అది రెక్కలు విప్పాలమ్మా అంది, ఆ విప్పడం సరిగ్గా కుదరడానికి మాత్రం తల్లీకూతుళ్ళు అర్ధరాత్రి దాకా కూర్చున్నారు.

మూడూ ఐదు. పదో కబురు కూడా రాలేదు. వంటింట్లో నూనెలో రొట్టె వేగుతున్న వాసన, గోడ వారగా తర్వాతి పడవకి పెట్టిన ఉప్పు బస్తాలు, తెల్ల బకెట్లు ఒకదాంట్లో ఒకటి. ఆ తర్వాతి పడవలో రిపెకా వెళ్ళాలి, వచ్చే వారం. ఈ పడవలోనే వెళ్ళాల్సింది. గేము విడుదలకి ఇంకా ఆరు రోజులే, మంచులో ముసలాడి పుట్టి ఎక్కడో ఒడ్డుకి గుద్దుకుంటోంది, అది సరిచేసి వస్తాలే, నువ్వు తాతతో పద అంది కూతురితో. బొమ్మ పుట్టి కోసం బిడ్డని నిజం సముద్రంలోకి పంపింది. కహు ఏమీ బాధపడలేదు, తావా దగ్గరికి పోయి, నాకు దొరికిన మొదటి పక్షి నీకే, పెద్దవాళ్ళకే ఇవ్వాలిట, పోవా చెప్పాడు, అంది. తావా రేవులోనే ముద్దుపెట్టుకుని, బాగా కొవ్వుపట్టింది చూసి తే, సన్నదైతే మళ్ళీ పంపిస్తా అంది. అప్పుడు గాలి ఉత్తరంగా ఉంది, మెత్తగా ఉంది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే రేవు మీద జెండా తూర్పుకి బిగదీసుకుపోయి కొట్టుకుంటోంది. పడమటి గాలి. ఎప్పుడు తిరిగింది, పన్నెండుకా, ఒంటిగంటకా. ఇంజను ఆగితే పడమటి గాలి తూర్పుకి తోస్తుంది. తూర్పున ఇంక నేల లేదు, చిలీ దాకా లేదు.

చెప్పెయ్యాలి. నోరు తెరిస్తే చాలు. అలమర మీద రేడియో పొద్దున్నుంచి గరగరమంటోంది, టోరోవా పలకడం లేదు, కానీ అటు వైపు కొండలకి అవతల రేడియో అందదని అందరికీ తెలుసు, పలకకపోతే ఎవరూ గుండె బాదుకోరు. డబ్బా మీద తియాకి బకెట్లు పేర్చేశాడేమో. పోయినేడు కూడా ఇలాగే అనుకుంటే సాసేజీలు. పది కబుర్లు తప్పడం అప్పుడప్పుడూ ఉంది, పోయిన చలికాలం ఒకసారి తప్పాయి. ఆరో ఏడో. పది కాదు. ఇంకొక్కటి చూద్దాం, మూడూ పదికి వస్తుందేమో. రాలేదు. మూడూ ఇరవైకి. రాలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అన్నిటికంటే పెద్ద సిగ్గు ఇంకొకటుంది, అది తనకి కూడా పూర్తిగా చెప్పుకోలేదు. చుక్కని చూస్తూ ఉంటే ధైర్యంగా ఉంది. తను రాసిన ఊహని తనే నమ్మాలనిపిస్తోంది. అదిగో పోతోంది కదా, అంత నెమ్మదిగా, అంత నిదానంగా, దాని మీద పసుపు కోటు వేసుకుని పిల్ల నిలబడి ఉంది కదా, చెప్పేస్తే ఆ చుక్క పోతుంది, చుక్క పోతే పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు, చెప్పనంత సేపూ అక్కడుంది. పెర్త్ అమ్మాయి గుర్రం వెంట ఆ నలుగురూ ఎందుకు పోయారో ఇప్పుడర్థమైంది.

బోయ్డీ రొట్టెలు పళ్ళెంలో పెట్టుకొచ్చాడు, భారీ మనిషి, అతను నడిస్తే తెర కూడా అదురుతుంది. రిపెకా ముందు పళ్ళెం పెడుతూ, ఏం సైరన్, ఇవాళ మోగడం లేదే, గొంతు బొంగురుపోయిందా అన్నాడు. తావా నవ్వింది. తెరిచిన నోరు రిపెకా రొట్టె ముక్కతో మూసుకుంది.  చుక్క దీవికి దగ్గరపడింది. దగ్గరపడ్డ కొద్దీ వేగం తగ్గించుకుంటోంది, రేవు చూసి నెమ్మదించే పడవలాగే, ఆ నెమ్మదించడం కూడా తనే రాసింది, గేములో పలకలు ఒక్కసారిగా ఆగితే కళ్ళకి మొరటుగా ఉంటుందని, ఆ మెత్తదనం కోసం మూడు వారాలు కష్టపడింది, అందరూ మెచ్చుకున్నారు. తియాకి వేగం తగ్గించాడు చూశావా, వాడికి ఎంత చెప్పినా తెలియదనుకున్నా, నేర్చుకున్నాడు అని తావా అంది.  మూడూ ముప్ఫై ఎనిమిది. మూడూ ముప్ఫై తొమ్మిది. చుక్క దీవి అంచుకి తగిలింది, కహు గీసిన పక్షి తల పైకెత్తింది, మెల్లగా రెండు రెక్కలూ విప్పింది.

తావా చప్పట్లు కొట్టింది. బోయ్డీ ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. తావా కర్ర మీద బరువేసి లేచి, పడవ చేరిన ప్రతిసారీ చేసినట్టే అలమర దగ్గరికి పోయి రేడియో మీట మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చూసి రిపెకా లేచి నిలబడింది, కప్పు కింద పడింది.

"రేడియో ఆపకు తావా. చేరలేదు."

"పక్షి రెక్కలు విప్పింది గదే."

"అది నేను విప్పించింది. పడవ కాదు. ఒంటిగంటా ఇరవై నుంచి పడవ దగ్గర్నించి ఒక్క కబురు కూడా లేదు. మనం చూసిందంతా నా ఊహే."

 వంటింట్లో పొయ్యి మీద నూనె చిటపటమంటోంది. బోయ్డీ ఎగతాళి చేస్తాడనుకుంది, చేస్తే బాగుండుననుకుంది. అతను తాళాలు బల్ల మీద పెట్టి, చాలా మెల్లిగా అడిగాడు.

"నీకెప్పట్నించి తెలుసు?"

"మొదట్నుంచీ."

తావా తిట్టలేదు. వచ్చి రిపెకా ఒళ్ళో నుంచి జారి పడ్డ ఫోను వంగి తీసి, అంత వంగడం ఆమెకి ఎంత కష్టమో అందరికీ తెలుసు, చేతిలో పెట్టింది. "ముందు ఫోను చెయ్యి. ఏడుపు తర్వాత," అంది. సముద్ర రక్షణ ఆయన గొంతు నిద్ర లేచినట్టు నిదానంగా ఉంది. పడవ ఇప్పుడెక్కడుంది అని అడిగాడు. తెలియదు అంది రిపెకా. చెప్పాక ఒక విచిత్రమైన తేలిక, ఒక్క క్షణం మాత్రమే. ఒంటిగంటా ఇరవైకి ఎక్కడుందో తెలుసు, అంకెలు చదివింది, ఇంజను ఆగి ఉంటే గాలి లెక్కన ఈ పాటికి నాలుగు మైళ్ళు తూర్పుకి పోయి ఉండొచ్చు, ఇది ఊహ మాత్రమే, వట్టి ఊహ అని రెండుసార్లు చెప్పింది. ఆయన ఇవాళ సాసేజీలు కావుగా అనలేదు. దగ్గర్లో రొయ్యల బుట్టలు ఎత్తుతున్న పడవ ఒకటుందట, అరగంట దూరం, దాన్ని తిప్పుతాం, మేమూ బయల్దేరుతున్నాం, లైను వదలకండి అన్నాడు. బోయ్డీ అప్పటికే బూట్లు తొడుక్కుని రేవుకి పరిగెత్తాడు, ఆ బరువుతో.

లైను చెవికి ఆనించుకునే ల్యాప్‌టాప్ తెరిచింది. మూసేసిన వరస అక్కడే ఉంది, పక్కన తన రాతే, తర్వాత చూద్దాం. చెరిపెయ్ అన్నది కొట్టేసి, ఊహ ఆపెయ్ అన్నది మాత్రం ఉంచి వరసని తెరిచింది. గోడ మీద పక్షి చటుక్కున రెక్కలు ముడుచుకుంది. చుక్క దీవి మీంచి మాయమై, ఎక్కడో పైన, సంధి నడుమ, ఏ నేలకీ దగ్గర లేని చోట ప్రత్యక్షమై నిలబడిపోయింది. ఎంత దూరం వెనక్కి. రెండు గంటలా ఇరవై నిమిషాల అబద్ధం ఎంత పొడుగుంటుందో రిపెకా మొదటిసారి చూసింది. తావా కూడా చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, రిపెకా మోకాలి మీద చెయ్యి వేసి, పెదాలు మాత్రం కదిపే ప్రార్థన మొదలెట్టింది, ముత్తాతల నుంచి సంధి దాటేవాళ్ళ కోసం చెప్పుకునేది, రిపెకాకి సగమే వచ్చు, వచ్చిన సగం వెనక వెనకే అంది.

నాలుగూ ఐదు. చుక్క నిలబడే ఉంది. నిలబడ్డ చుక్కని చూడటం ఇంత కష్టమని తావా పోయినేడు చెప్పినప్పుడు అర్థం కాలేదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మధ్యలో ఏముంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనుకుందా, మొదలూ తెలుసు చివరా తెలుసు, మధ్య అంటే పంచిపెట్టాల్సిన దూరం, అంతే. మధ్యలో నీళ్ళుంటాయి. అక్కడ చలి మొదలయ్యే మార్చి నెల నీళ్ళు, కోటు బరువెక్కుతుంది, తొమ్మిదేళ్ళ ఒంటికి ఎంతసేపు, ఎక్కడో చదివింది, ఆ అంకె గుర్తు రాకూడదని పళ్ళు బిగించింది, వచ్చేసింది. పోవాకి ఈత రాదు, సముద్రం మీద బతికిన ముసలాళ్ళు చాలామందికి రాదు, వస్తే చావు ఆలస్యమవుతుందంతే అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. గంటన్నర ముందు చెప్పి ఉంటే. రెండింటికి చెప్పి ఉంటే. ఒక పేరుకి భయపడింది, సైరన్ అన్న పేరుకి. నాలుగూ పదిహేను. లైనులో ఆయన ఊపిరి వినబడుతోంది, రొయ్యల పడవ మీరు చెప్పిన చోటు దాటింది, ఏమీ కనబడలేదు, తూర్పుకి తిరుగుతోంది అన్నాడు. ఏమీ కనబడలేదు అంటే మంచి కబురా చెడ్డ కబురా అని అడగలేకపోయింది. నాలుగూ ఇరవై. నాలుగూ పాతిక. కళ్ళు మండుతున్నా రెప్ప వెయ్యలేదు.

చుక్క గెంతింది.

గీత లేదు, మెత్తదనం లేదు, నెమ్మదించడం లేదు. ఉన్న చోట లేదు, తూర్పున ఐదు మైళ్ళ అవతల ఉంది. తొమ్మిదేళ్ళు ఇలాంటి గెంతుని ఎక్కడ కనబడితే అక్కడ వెతికి చెరిపింది. తావా, రిపెకా మోకాలిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. రిపెకా అంకెలు లైనులోకి చదివింది, చదివి మళ్ళీ చదివింది. డబ్బాకి ప్రాణం వచ్చింది. డబ్బాకే, మనుషులకో కాదో తెలియదు, డబ్బా నీళ్ళలో ఒంటరిగా తేలుతూ కూడా పలుకుతుంది. ఆ మాట తావాతో చెప్పలేదు, చెప్పకుండా ఉండటం కూడా ఇక తప్పే అనిపించి చెప్పింది. తావా తల ఊపింది.

"ఇంకెప్పుడూ దీన్ని నున్నగా చెయ్యకే పిల్లా. గెంతనీ. నా గుండె సంగతి నేను చూసుకుంటా."

పది నిమిషాలు. రిపెకా అంత పొడుగైన పది నిమిషాలు కాన్పులో కూడా చూడలేదు. నాలుగూ ముప్ఫై ఐదుకి చుక్క మళ్ళీ గెంతింది, చిన్న గెంతు, వంకరగా, మైలు కూడా లేదు, పడమరకి. పడమరకి. రిపెకా జెండా వైపు చూసింది, తూర్పుకే కొట్టుకుంటోంది. గాలికి వదిలేసినదేదీ గాలికి ఎదురు పోదు. ఎవరో లాగుతున్నారు. తనకి తెలిసిన విద్యంతా ఆ ఒక్క వాక్యానికి పనికొచ్చింది, అది గట్టిగా అనబోతే ఏడుపొచ్చింది, తావా ఏమైందే ఏమైందే అని భుజం కుదుపుతోంటే అలమర మీద రేడియో గరగరమంది.

రొయ్యల పడవ నుంచి. మొదట ఎవరిదో గొంతు, ముగ్గురూ ఉన్నారు, తడిసి ముద్దయ్యారు, బాగున్నారు అని. అల ఒకటి గది అద్దం పగలగొట్టి లోపలికొచ్చిందట, కరెంటంతా పోయింది, ఇంజను పోయింది, పక్షుల వేటకి పెట్టుకున్న దీపాల బ్యాటరీలు ఊడదీసి డబ్బాకి తగిలించేసరికి ఇంత సేపయిందట, తగిలించమని చెప్పింది పిల్లేనట. తర్వాత ఏదో తోపులాట చప్పుడు, ఆ తర్వాత వణుకుతున్న సన్నటి గొంతు.

"అమ్మా, కబుర్లు రాలేదని భయపడ్డావా? నా పక్షి రెక్కలు విప్పిందా?"

తావా రేడియో మైకుని రిపెకా చేతికిచ్చింది. రిపెకా గోడ వైపు చూసింది. దీవి మీద పక్షి ముడుచుకుని కూర్చుని ఉంది.

"లేదమ్మా," అంది. "ఇంకా లేదు."